పడుగు కోసిన పూట

మొదటి చుక్క మగ్గం మీదే పడింది. వంటింట్లో పడి ఉంటే గిన్నె పెట్టేదాన్ని. మేం పడుకునే మూలలో పడి ఉంటే చాప ఇవతలికి లాక్కునేవాళ్లం. అది సరిగ్గా పడుగు మధ్యలో, మగ్గానికి నిలువునా సాగదీసి కట్టిన ఎర్ర పట్టు పోగుల మీద పడి, చూస్తుండగానే నల్లగా పాకింది. మా ఆయన తిప్పేస్వామి నేత ఆపి తలెత్తి దూలాల వైపు చూశాడు. బిడ్డ మంచం మీంచి పడినా ఆయన అంత గాబరాగా చూడడు.

మిద్దె ఉరుస్తోందని వాళ్లమ్మకు చెప్పి, మగ్గం గుంతలోంచి కాళ్లు పైకి తీసుకుని లేచాడు. ఆ గుంతలో కూడా పొద్దున్నుంచి నీళ్లు ఊరుతున్నాయి. నేను చెంబుతో తోడి వాకిట్లో పోస్తున్నాను, నేల మళ్లీ ఊరుతోంది.

మాది ఎమ్మిగనూరులో మగ్గాల వీధి. ఇల్లు మట్టి మిద్దె. రాతి గోడలు, వాటి మీద వేప దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలనే సన్న కర్రలు, దంతెల మీద కంప, కంప మీద మన్ను, అన్నిటికీ పైన చౌడు. చౌడంటే తెల్లటి ఉప్పు మన్ను. తడిసి బిగుసుకుందంటే నీటిని కిందికి దిగనివ్వదు. అందుకే మా దగ్గర వానలకు ముందు ఏటా మిద్దె మీద ఒక పొర చౌడు వేస్తారు. మధ్యలో ఎక్కడ ఉరిస్తే అక్కడ ఇంకో రెండు గంపలు వేసి తొక్కుతారు. పాతది గీకి తీసెయ్యడం మాత్రం నేను కాపరానికి వచ్చాక ఎన్నడూ చూడలేదు. మా అత్త బసమ్మ కాపరానికి వచ్చాక కూడా ఎవరూ తీయలేదట.

తుపాను వస్తోందని ముందురోజు నుంచే చెబుతున్నారు. గవర్నమెంటు మెసేజ్ వచ్చినప్పుడల్లా ఫోను వింతగా కూస్తుంది. ఆ కూతకు నా కొడుకు ఉరుకుందు ఉలిక్కిపడి ఏడుస్తాడు. వాడికి ఇంకా రెండేళ్లు నిండలేదు, పాలు మానలేదు. నేను ఆదోనిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ పైన చదివించలేదు. మా ఇంట్లో ఆ మెసేజ్‌లు చదివేది నేనే. తుపాను తీరం దాటి మన జిల్లా మీదికే వస్తోందని, మట్టి మిద్దెల్లో ఉన్నవాళ్లు బడికి పోవాలని చదివి వినిపించాను. మా ఆయన నవ్వాడు.

"సముద్రం యాడుండాది, మనం యాడుండాం? ఆడ పుట్టిన గాలి ఈడికొచ్చేసరికి దానికే ఆయాసం వస్తాది."

మా అత్త అయితే, ఎనిమిది చదివిన పిల్లను చేసుకుంటే ఇదే సంబరం, ఫోను కుయ్యిమంటే చాలు మూటాముల్లె కట్టమంటుంది అని వీధంతా వినబడేట్టు అంది.

తెల్లారేసరికి గాలి మొదలైంది. మా వైపు వాన అంటే ఒక ఊపు ఊపి పోయేది. పడినంతసేపు పడుతుంది, గంటకు ఎండ వస్తుంది. ఇది పోలేదు. గోడకు చెవి ఆనిస్తే గోడ లోపల ఎవరో మూలుగుతున్నట్టు ఉంది. వాన పైనుంచి కాదు, పక్కనుంచి వచ్చి తలుపును గుద్దుతోంది. వీధి చివర కరెంటు స్తంభం వంగి వంగి విరిగింది. తీగలు నీళ్లలో పడి ఒకసారి నీలంగా మండి ఆగిపోయాయి. సైకిలు షాపు మీది రేకు లేచి, వీధిలో అడ్డంగా ఎగిరి, మా ఎదురింటి ఆదెప్ప గుంజకు కట్టేసిన పెయ్యదూడ మెడకు తగిలింది. అది అరవను కూడా లేదు. నిలబడ్డ చోటే మోకాళ్ల మీద కూర్చుంది, వీధి నీళ్లు ఎర్రబడ్డాయి. నేను బిడ్డ మొహాన్ని నా రొమ్ముకు అదిమి పట్టుకుని తలుపేశాను.

ఆ తర్వాత కాసేపటికి మున్సిపాలిటీ మైకు ఆటో వచ్చింది. ఏం చెబుతున్నదీ గాలికి సగమే వినబడింది. దాని వెనకే ముదస్సిర్ తన ఆటోలో ముసలివాళ్లను ఎక్కించుకుని బడికి చేరుస్తున్నాడు. అతను వీధి మొగదల ఉండే షరీఫా బీ కొడుకు. ఆమెది స్లాబు ఇల్లు. ముదస్సిర్ మా వాకిట్లో ఆటో ఆపి, బడి నిండిపోయిందని, వాళ్లమ్మ మమ్మల్ని వాళ్లింటికే రమ్మంటోందని చెప్పాడు. నేను అప్పటికే బిడ్డ గుడ్డలు సంచిలో పెట్టి ఉంచాను. ఆ సంచి చూసి మా అత్త పెదవి విరిచింది.

ఆమె రాననడానికి ఆమె కారణం ఆమెకుంది. ఊళ్లోకి నీళ్లు వచ్చిన ఏడాది అందరూ బడికి పోయారట. తిరిగి వచ్చేసరికి ఆదెప్ప మగ్గం మీది పట్టును ఎవరో కోసుకుపోయారట. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. మా ఇంట్లో చీర సగంలో ఉండగా పడుగు కోయకూడదు, ఆ మగ్గాన్ని వదిలి ఇంటిల్లిపాదీ బయట పడుకోకూడదు. నేసేవాడు చనిపోతేనే సగం చీర దగ్గర పడుగు కోస్తారు. మా మామ మగ్గం మీదే ఒరిగిపోయినప్పుడు అలా కోశారు. ఆ రోజు కత్తెర పట్టింది మా అత్తే. ఆ మాట ఆమె నాతో ఒక్కసారే చెప్పింది, అదీ మొహం పక్కకు తిప్పుకుని. ఇప్పుడు మగ్గం మీద ఉన్నది ఎర్ర పెళ్లి చీర. సరిగ్గా సగం నేశారు.

మా ఆయన ముదస్సిర్‌తో, పైన ఉరిసే చోట నాలుగు గంపలు వేసి వస్తామని, నువ్వు పో తమ్ముడా అని చెప్పి పంపేశాడు. నాతో గంప తీసుకోమన్నాడు.

వాకిట్లో పట్ట కప్పిన చౌడు కుప్ప ఉంది, ఎండాకాలంలో తోలించినదాంట్లో మిగిలింది. నేను పారతో గంప నింపి, తల మీద పెట్టుకుని నిచ్చెన ఎక్కాను. గాలి నిచ్చెనను గోడ నుంచి ఎడం చేస్తోంది. ఒక్కో మెట్టు దగ్గర ఆగి గోడను చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది. చౌడు నీళ్లు కళ్లలోకి దిగి మంట. పైన మా ఆయన గంప అందుకుని, మగ్గానికి సరిగ్గా పైచోట గుమ్మరించి, కాళ్లతో తొక్కుతున్నాడు. ఇంకోటి అన్నాడు. ఇంకోటి తెచ్చాను. ఆగకుండా తెస్తూనే ఉన్నాను. లెక్క పెట్టలేదు.

ఒకసారి పైన నిలబడి చూస్తే వీధిలో ప్రతి మిద్దె మీదా ఒక మగవాడు ఉన్నాడు. అందరూ వానలో వంగి మన్ను తొక్కుతున్నారు. ఎవరి మొహమూ కనబడడం లేదు. వీధి అవతల ఆదెప్ప కూడా తొక్కుతున్నాడు, చచ్చిన పెయ్యదూడ కింద వాకిట్లో అలాగే ఉంది. మా ఆయన అతనికి చెయ్యి ఊపాడు. ఆదెప్ప చెయ్యి ఎత్తబోయాడు. అంతే, అతను నిలబడ్డ చోటు నడుం దాకా దిగిపోయింది, ఆ వెంటనే అతనితో సహా మిద్దె లేదు. పెద్ద చప్పుడేం రాలేదు. నిండు బస్తాను భుజం మీంచి కింద పడేసినట్టు ఒక్క చప్పుడు. గోడల మధ్యలోంచి పొగలాగా దుమ్ము లేచింది, అంత వానలోనూ.

జనం పరిగెత్తారు. ముదస్సిర్, ఇంకా ఇద్దరు ఆదెప్పను బయటికి లాగారు. ఒక కాలు మోకాలి దగ్గర వెనక్కి తిరిగి ఉంది. నోట్లో మన్ను. అతను అరుస్తున్నాడో, మన్ను ఊస్తున్నాడో తెలియలేదు. ఆటోలో వేసుకుని పోయారు.

నేను మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. దిగిరా, ఇంక వద్దు, పోదాం అన్నాను. నా చెయ్యి విదిలించాడు. ఆదెప్పవి మట్టి గోడలు, మనవి రాతి గోడలు అన్నాడు. ఇంకో గంప తెమ్మన్నాడు. నేను తేనన్నాను. నన్ను ఒక తోపు తోశాడు. నిచ్చెన అందింది కాబట్టి సరిపోయింది, లేకపోతే నేనూ వాకిట్లో పెయ్యదూడలా పడి ఉండేదాన్ని. ఆయన తానే కిందికి దిగి గంప నింపుకుని మళ్లీ ఎక్కాడు.

నేను ఇంట్లోకి పోయాను. మా అత్త మొహం వెలిగిపోతోంది. మగ్గం మీద చుక్క పడడం ఆగిపోయింది. నా కొడుకు చేసిన పని చూడు అన్నట్టు పైకి చూపించింది.

నేనూ పైకి చూశాను. నీళ్లు ఆగినమాట నిజమే. నీళ్లకు బదులు మన్ను రాలుతోంది. పొడి మన్ను, పిండిలాగా, దంతెల సందుల్లోంచి సన్నగా, చప్పుడు లేకుండా. మగ్గం పక్కన ఆడుకుంటున్న ఉరుకుందు జుట్టు మీద తెల్లగా పడింది. వాడు దాన్ని పట్టుకోవాలని రెండు చేతులూ పైకి చాస్తున్నాడు. మన్ను వంటింట్లోకి పోకుండా తలుపు వేయబోయాను, పడలేదు. పొద్దున సులువుగా పడిన తలుపు. పైన ద్వారబంధం దిగి తలుపును నొక్కి పట్టుకుని ఉంది. పెద్ద దూలం కిందికి పోయి చూస్తే, గోడలో దిగిన చోట కొత్త చీలిక. చెక్క లోపలి రంగు పచ్చిగా, కొబ్బరి ముక్కలా కనబడుతోంది.

దూలం చీలిందని చెప్పాను. ఆమె చూడను కూడా లేదు, అది నువ్వు పుట్టకముందు నుంచీ చీలే ఉందని అంది. నేను సంచి భుజాన వేసుకుని, బిడ్డను ఎత్తుకోవడానికి వంగాను. ఆమె నాకంటే ముందు వంగింది. వాడిని లాక్కుని, మగ్గం గుంత అంచు మీద కూర్చుని, ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ చుట్టేసింది.

"నువ్వు పోమే. నిన్నెవరూ పట్టుకోల్యా. పిల్లోడు ఈడనే ఉంటాడు."

నేను లేకుండా వాడు ఉండడని, పాలు తాగే బిడ్డ అని చెప్పాను. ఆమెకు తెలియనిదా? తెలిసే పట్టుకుంది. బిడ్డ ఉంటే నేనుంటాను, నేనుంటే ఆమె కొడుకు ఉంటాడు, కొడుకు ఉంటే మగ్గం ఉంటుంది. నేను బిడ్డ చంకల్లో చేతులు పెట్టి లాగాను. ఆమె వదల్లేదు. ఎంత లాగితే అంత బిగించింది. వాడు మా ఇద్దరి మధ్య నలిగి ఊపిరాడకుండా ఏడుస్తున్నాడు, మొహం నల్లబడుతోంది. నేను ఆమె వేళ్లు విడదీయబోయాను. ఆమె పక్కనున్న నాడె, నేసేటప్పుడు పోగును అటూ ఇటూ తిప్పే కొయ్య, అందుకుని నా నుదుటి మీద కొట్టింది. నాడెకు రెండు చివర్లా ఇనప మొనలుంటాయి. కంట్లోకి వెచ్చగా రక్తం దిగింది. నేను తిరిగి కొట్టాను. నా అత్తను నేను కొట్టాను, చెంప మీద, గట్టిగా. ఆమె జుట్టు ముడి ఊడిపోయింది. అయినా చేతులు వదల్లేదు.

పైన ఇంకో గంప గుమ్మరించిన చప్పుడు. దంతెలు ఒక్కసారి కిర్రుమన్నాయి. ఈసారి రాలింది పిండి కాదు, గడ్డలు.

అప్పుడు నాకు మగ్గం మీద కత్తెర కనబడింది. పోగులు కత్తిరించే చిన్న కత్తెర. దాన్ని ఎందుకు తీసుకున్నానో ఆమెకు వెంటనే అర్థం కాలేదు. తనను పొడుస్తాననుకుని బిడ్డ మీదికి ఇంకా వంగింది. నేను ఆమె వైపు పోలేదు. మగ్గం అవతలి వైపు పోయి, సాగదీసి కట్టిన పడుగు మీద ఎడమ చెయ్యి పెట్టాను. పట్టు పోగులన్నీ వీణ తీగల్లా బిగుతుగా ఉన్నాయి. కత్తెర ఆడించాను. ఒక పిడికెడు పోగులు తెగి రెండు వైపులకూ పాముల్లా ఎగిరాయి.

బసమ్మ నోట్లోంచి వచ్చింది మాట కాదు. మామ చనిపోయిన రోజు అట్లాగే అరిచి ఉంటుంది.

"ఓ పాపిష్టి దానా, నా కొడుకును సంపుతాండావు."

నేను ఇంకో పిడికెడు కోశాను. ఇంకోటి. ఆమె లేచింది. ఒళ్లో ఉన్న బిడ్డను కింద పెట్టి, రెండు చేతులతో ఆ పోగులు పట్టుకోవడానికి మగ్గం మీదికి పడింది. నేను కత్తెర పారేసి, మగ్గం చుట్టూ తిరిగి వచ్చి, బిడ్డను ఒక చేత్తో జబ్బ పట్టి ఎత్తి, గడప దాటాను. సంచి ఎక్కడ పడిందో తెలియదు.

ఆ అరుపు పైన ఆయనకు వినబడింది. నేను వీధి మధ్యకు చేరేసరికి ఆయన నిచ్చెన దిగి తలుపులోంచి తొంగిచూసి, వాళ్లమ్మ పోగులు పట్టుకుని ఉండడం చూశాడు. కాళ్ల దగ్గరున్న పార తీసుకుని నా వెంట పడ్డాడు. మోకాలి లోతు నీళ్లలో పరిగెత్తలేకపోయాను. పార కర్ర నా వీపు మీద పడింది. కిందపడ్డాను, బిడ్డను పైకెత్తి పట్టుకునే పడ్డాను. రెండోది భుజం మీద. జుట్టు పట్టుకుని లేపి, మొహం మీద కొట్టాడు. ఆయన అన్న మాటలు నేను రాయను. వాటిలో ఒకటి మాత్రం పదేపదే అన్నాడు, నేను బతికుండగానే కోసినావు కదే అని.

షరీఫా బీ పరిగెత్తుకొచ్చింది. ఆమె పెద్ద మనిషి, మోకాళ్ల నొప్పులు, ఎట్లా పరిగెత్తిందో నాకు తెలియదు. ముందు నా చేతుల్లోంచి బిడ్డను తీసుకుని తన పైట కింద పెట్టుకుంది. తర్వాత మా ఆయనకు ఎదురుగా నిలబడింది.

"కొట్టు తిప్పేసామీ. నన్ను కూడా కొట్టి పో. మీ అమ్మ యాడుండాదో అది సూడు ముందు."

ఆయన వెనక్కి తిరిగాడు. నేను నీళ్లలో కూర్చునే చూశాను. మా మిద్దె మధ్యలో, ఆయన అప్పటిదాకా తొక్కిన చోట, గుంటలాగా దిగింది. మన్ను అంతా ఆ గుంటలోకి జారింది. పెద్ద దూలం విరిగిన చప్పుడు మాత్రం బాగా వినబడింది. ముందు గోడ బయటికి వాలి, రాళ్లు ఒకదాని వెనక ఒకటి వీధిలోకి దొర్లాయి. నిచ్చెన నిలబడే ఉంది, ఆనుకోవడానికి ఏమీ లేకపోయినా ఒక్క క్షణం నిలబడి, తర్వాత పడింది.

ఆయన చేతిలో పార అలాగే ఉంది. ఆ పారతోనే మన్ను తవ్వడం మొదలుపెట్టాడు, పిచ్చివాడిలా, ఎక్కడ తవ్వుతున్నాడో చూడకుండా. ముదస్సిర్ వచ్చి ఆ పార లాక్కున్నాడు, కింద మనిషి ఉంటే తెగుతుందని. ఇక చేతులతోనే. చౌడు తడిసి జిగురుగా ఉంది, తీసినకొద్దీ జారి వస్తోంది. వాన ఆగలేదు. గాలి మా మీద రాళ్ల పొడి కొడుతోంది. కంప ముళ్లు అరచేతుల్లో విరిగాయి. నా ఒక కన్ను మూసుకుపోయింది, రెండో కంటితో చూస్తూ తవ్వాను.

దూలం ముక్క మగ్గం కొయ్యల మీద అడ్డంగా ఆగి ఉంది. దాని కింద చిన్న సందు, అందులో చీకటి. చెవి పెడితే నీళ్లు గుటగుటమంటున్నాయి. మగ్గం గుంత. ఆమె గుంతలో పడింది.

ఆ సందులో మగవాళ్లు ఎవరూ పట్టరు. నేను పట్టాను. తల ముందు పెట్టి, పొట్ట మీద పాకి దిగాను. నా వెనక మా ఆయన నా చీలమండ పట్టుకుని ఉన్నాడు. కొట్టిన చెయ్యే అది, నా కాలును గట్టిగా పట్టుకుంది. లోపల చేత్తో తడిమితే మొదట జుట్టు తగిలింది. నీళ్లు ఆమె గడ్డం దాకా ఉన్నాయి. పైన కురిసే వానంతా ఆ గుంతలోకే దిగుతోంది. కాలు మీద రాయి పడి కదలలేకుండా ఉంది. నేను నా అరచెయ్యి ఆమె గడ్డం కింద పెట్టి మొహం పైకెత్తి పట్టుకున్నాను. ఆమె నోరు నా చెవి దగ్గర ఉంది. ఊపిరి చౌడు వాసన.

"పిల్లోడు యాడుండాడు?"

బయట ఉన్నాడని, షరీఫక్క దగ్గర ఉన్నాడని చెప్పాను. పైన గడ్డపారలు పెట్టి దూలాన్ని లేపుతున్నారు. లేపినప్పుడల్లా మన్ను మా ఇద్దరి మీదా పడుతోంది. నీళ్లు ఆమె పెదవుల దాకా వచ్చాయి. నేను రెండో చెయ్యి కూడా పెట్టి ఇంకా పైకెత్తాను. నా భుజం, పార దెబ్బ తగిలిన భుజం, ఇక లేవనంటోంది. ఆమె నా చెయ్యి మీద ముక్కుతో ఊపిరి పీలుస్తోంది. వదిలేయాలని అనిపించిందా అని తర్వాత షరీఫా బీ అడిగింది. ఆలోచించేంత తీరిక లేదక్కా అన్నాను. నిజం కూడా అంతే.

రాయి పక్కకు దొర్లాక ఆమెను బయటికి లాగారు. ఎడమ కాలు తొడ దగ్గర విరిగింది. కుడి పిడికిలి మూసుకుని ఉంది, ఎంతకూ తెరవలేదు. ఆటోలో షరీఫా బీ ఆ వేళ్లను ఒక్కొక్కటీ విప్పింది. లోపల ఎర్ర పట్టు పోగులు. చర్మాన్ని కోసుకుని లోపలికి దిగి ఉన్నాయి, ఏది పట్టో ఏది రక్తమో తెలియలేదు.

గాలి తగ్గాక రోడ్డు తెరిచారు. ఆదోనికి తీసుకుపోయి కాలికి కట్టు కట్టించాం. ఆసుపత్రి వరండాలో కూడా మట్టి మిద్దెల వాళ్లే, కౌతాళం నుంచి ఒకరు, తుగ్గలి నుంచి ఒకరు, అందరి జుట్టులోనూ తెల్లటి చౌడు. మా అమ్మ వచ్చి నా మొహం చూసి, ఇది దూలం చేసిన దెబ్బ కాదే అంది. బిడ్డను తీసుకుని ఇంటికి రమ్మంది. అత్తను ఈ కాలితో వదిలి ఎట్లా వస్తాను అన్నాను. అలా అన్నందుకు నాకే కోపం వచ్చింది.

షరీఫా బీ తన ముందు గది మాకు ఇచ్చింది. మా అత్తను చూడడానికి వీధంతా వచ్చింది. వచ్చిన ప్రతివాళ్లకూ ఆమె పడుకునే చెప్పింది, సగం చీరలో కోడలు పడుగు కోసిందని, కోసిన గడియకే ఇల్లు కూలిందని. విన్నవాళ్లు నా వైపు చూశారు. చౌడు బరువు గురించి ఎవరూ మాట్లాడలేదు. వాళ్ల మిద్దెల మీదా అంతే ఉంది. నేను పడుగు కోయకపోతే ఆయన మిద్దె మీదే ఉండేవాడని, బిడ్డ గుంత అంచు మీద ఉండేవాడని షరీఫా బీ ఒకసారి అనబోయింది. నేనే వద్దని కళ్లతో చెప్పాను.

మా ఆయన పగలంతా ఆ మట్టి కుప్ప దగ్గరే ఉండేవాడు. మగ్గం కొయ్యలు ఏరుకునేవాడు. ఒక సాయంత్రం నేను ఆయనకు అన్నం తీసుకుపోయాను. పగలకుండా పడిన మిద్దె ముక్క ఒకటి అక్కడ నిలువుగా ఆని ఉంది. దాని అంచున పొరలు పొరలుగా చౌడు కనబడుతోంది, ఒకటి తెల్లగా, ఒకటి బూడిద రంగు, ఏ పొర ఎవరి కాలంలో వేసిందో. ఆయన ఆ అంచుకు తన చెయ్యి ఆనించాడు. వేళ్ల కొసలు ఒక అంచున పెడితే మోచెయ్యి దాటి, జబ్బ సగం దాకా వచ్చింది. చెయ్యి తీయకుండా నా వైపు చూశాడు. నా కంటి కింద వాపు చూశాడు. అన్నం గిన్నె అందుకుని, అటు తిరిగి కూర్చుని తిన్నాడు. ఇంటికి వచ్చాక వాళ్లమ్మకు ఆ చౌడు మందం సంగతి చెబుతాడేమోనని చూశాను. చెప్పలేదు.

అదే రోజు, దీపాలు పెట్టే వేళకు, మళ్లీ చినుకులు మొదలయ్యాయి. ఉత్త చినుకులే, గాలి లేదు. అయినా మా ఆయన లేచి వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. మా అత్త మంచం మీద కదలలేక, కళ్లు మాత్రం పైకప్పు మీద పెట్టింది. సున్నం వేసిన స్లాబు. ఒక మూల నుంచి ఇంకో మూలకు చూసింది.

"ఈ పైన మన్ను ఉండాదా మహేశ్వరీ?"

ఇల్లు కూలినప్పటి నుంచి ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

"లేదత్తా. సిమెంటు."

వాన కొంచెం పెరిగింది. ఆమె పట్టీ కట్టిన చెయ్యి మంచం పక్కన చాపింది. బిడ్డను తన పక్కన పడుకోబెట్టమంది. ఆ చేతిలో వేళ్లు ఇంకా పూర్తిగా మూసుకోవు.

ఉరుకుందు నా ఒళ్లో ఉన్నాడు. కళ్లు తెరుచుకుని, వాన చప్పుడుకు నా జాకెట్టు గట్టిగా పట్టుకుని ఉన్నాడు. నేను కొంగు వాడి మొహం మీదికి లాగాను.

"నిద్రపోయినాడత్తా," అన్నాను.